జోస్యము తప్పని జట్టు

చిన్ననాడు మన సీమపల్లెలలో చెడుగుడు ఆడినవారికి ఉద్దీలు పడడమంటే ఏమిటో చెప్పనక్కరలేదు. పట్టణంలో పుట్టి పెరిగిన విద్యార్థుల కొరకు చెబుతున్నాము. ఇద్దరు నాయకులు ఒక ప్రక్కన నిలుచుంటారు. మిగిలిన పిల్లలు తమ బలాబలాలు చూచుకొని, సరికి సరి అయినవానిని ఎంచుకొని, ఇద్దరిద్దరుగా దూరంగా పోయి చెవులలో రహస్యపు పేర్లు పెట్టుకుంటారు. తిరిగి వచ్చి ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకొని, "మల్లెపూవు కావాలా, మొల్లపూవు కావాలా?" అని అడుగుతారు. మల్లెపూవు ఎవడో, మొల్లపూవు ఎవడో నాయకునికి తెలియదు. అతడు కోరిన పేరు గలవాడు అతని పక్షానికి, రెండవవాడు ఎదుటి పక్షానికి పోతారు. ఇందులో ఎన్నుకొనేవాని తెలివికి తావు లేదు. పక్షపాతానికీ తావు లేదు. సమానులు సమానంగా పంచబడితే చాలునని మన పూర్వులు భావించినట్లున్నది.

అమెరికావారు ఇదే పనిని పూర్తిగా వేరొక విధంగా చేస్తారు. అక్కడ ఫుట్‌బాల్ అని పిలిచే ఆట పేరుకే కాలిబంతి. చేతితో ఆడేదే ఎక్కువ. దానిని వృత్తిగా ఆడే పెద్ద సంఘంలో 32 జట్లున్నవి. ఏటేటా ఆ జట్లు కళాశాలలలో ఆడి పేరు తెచ్చుకొన్న యువకులను వంతులవారీగా ఎన్నుకొంటాయి. దీనినే డ్రాఫ్ట్ అంటారు. ఏడు వంతులు. గత సంవత్సరం అందరికంటె అధమంగా ఆడిన జట్టుకు మొదటి అవకాశం. విజేతకు చిట్టచివరి అవకాశం. బలహీనునికి ముందుగా వడ్డించడమనే యీ పద్ధతిని 1935లో ప్రతిపాదించినవాడు బెర్ట్ బెల్ అనే జట్టు యజమాని. ఆయన ఫిలడెల్ఫియా జట్టు ఓటమి మీద ఓటమి పాలవుతుండేది. కాబట్టి ఆయన న్యాయదృష్టిలో కొంత స్వప్రయోజనం కూడ ఉన్నదని అనుకోవచ్చును. అంతమాత్రాన న్యాయం న్యాయం కాకుండా పోదు.

ఇక్కడ మల్లెపూవు ఎవరో అందరికీ తెలుసును. వాని ఎత్తు, బరువు, పరుగు, మోకాలి పాత గాయము, అన్నీ కాగితాలమీద ఉంటాయి. కాబట్టే ఏ జట్టు ఎవరిని ఎన్నుకొంటుందో ముందుగా చెప్పే వారి సంఖ్య కూడ అక్కడ పెద్దది. ఎంపిక జరిగే ఏప్రిలు మాసానికి ఎన్నో నెలల ముందు నుండియే పత్రికలలో ఊహాజాబితాలు వెలువడుతుంటాయి. అవి చాలవరకు తప్పిపోతాయి. ఇంత సమాచారం చేతిలో ఉండియు తప్పిపోవడమే మమ్ము ఆకర్షించిన విషయము.

1936లో జరిగిన మొట్టమొదటి డ్రాఫ్టులో మొట్టమొదట పిలువబడిన పేరు జే బెర్వాంగర్. షికాగో విశ్వవిద్యాలయ విద్యార్థి. అతడు ఆ వృత్తి సంఘంలో ఒక్క ఆట కూడ ఆడలేదు. వేరే జీవనం చూచుకొన్నాడు. 2000 సంవత్సరంలో ఆరవ వంతులో, 199వ వాడుగా, టామ్ బ్రేడీ అనే యువకుని న్యూ ఇంగ్లండ్ జట్టు తీసికొన్నది. అతడు ఆడే స్థానానికే అతనికంటె ముందు ఆరుగురిని వివిధ జట్లు ఎన్నుకొన్నవి. ఆ తరువాత అతడు ఆ దేశపు అత్యున్నత పోటీని ఏడుసార్లు గెలిచిన జట్లలో ఉన్నాడు. అప్పటి 31 జట్ల నిపుణులూ ఒకటికి పదిసార్లు అతని ప్రక్కనుండియే నడచిపోయినారన్నమాట. కొలతలన్నీ వారి వద్ద ఉండెను. వానిని కొలిచే గుణమేదో ఆ కొలతలలో లేకుండెను.

మన దేశంలో అసలైన కాలిబంతికి ఇటువంటి పద్ధతి కొద్దికాలమే నడచినది. ఇండియన్ సూపర్ లీగు 2014లో ఆరంభమైనప్పుడు స్వదేశీ ఆటగాళ్ళను డ్రాఫ్టు ద్వారానే పంచినారు. 2017 జూలైలో ముంబయిలో జరిగిన ఎంపికతో అది ముగిసినది; ఆ తరువాత ఎవరి బేరం వారిదే. ఆ కడపటి ఎంపికలో మొదటి వంతు జంషెడ్‌పూర్ జట్టుది. కొత్తగా పుట్టిన ఆ జట్టు 1.10 కోట్ల రూపాయలు వెలగట్టబడిన అనస్ ఎడతొడిక అనే కేరళ రక్షకుని తీసికొన్నది. గోలు కొట్టేవానికి చప్పట్లు కొట్టడం అలవాటైన మనబోటి వారు, ఏమీ లేని జట్టు మొదట గోడ కట్టుకొంటుందని ఊహించగలిగి ఉండేవారమా? ఊహించగలిగినవాడు మాత్రం ఆటను ఎరిగినవాడు. జట్టులో ఏ స్థానము ఖాళీగా ఉన్నది, దానిని నింపగలవారు ఎందరు మిగిలి ఉన్నారు, శిక్షకునికి ఎటువంటి ఆట యిష్టము అని ప్రశ్నించుకొన్నవాడు. తనకెవరు ఇష్టమని ప్రశ్నించుకొన్నవాడు కాడు.

తెలుగునాట యీ తేడా ఎంత అరుదో తెలియవలెనంటే మా విద్యార్థులనే చూడవలెను. 2024 నవంబరు 24, 25 తేదీలలో జెడ్డా నగరంలో క్రికెట్ ఆటగాళ్ళ వేలం జరిగినది. దానికి ముందు మా తరగతి గదిలో సగం మంది, హైదరాబాదు ఆటో డ్రైవరు కుమారుడైన మొహమ్మద్ సిరాజ్‌ను హైదరాబాదు జట్టే కొని తీరుతుందని పంతం పట్టినారు. 2017లో అతనిని మొదట 2.60 కోట్లకు కొన్నది ఆ జట్టే గదా అని వారి వాదము. చివరకు గుజరాత్ జట్టు 12.25 కోట్లకు తీసికొనిపోయినది. హైదరాబాదు జట్టు వేరొక వేగపు బౌలరైన షమీని 10 కోట్లకు తెచ్చుకొన్నది. మా పిల్లలు జట్టు అవసరాన్ని చూచి చెప్పలేదు. "మనవాడు" అన్న మమకారంతో చెప్పినారు. మమకారము మంచిదే. అది కళ్ళకు గంత కట్టినప్పుడే చిక్కు.

ఊహ చెప్పడం వేరు, పందెం కాయడం వేరు. ఈ రెంటి నడుమ గీత చెరపివేసి మన యువకుల జేబులు ఖాళీ చేసిన ఫోను ఆటలను గూర్చి ఇక్కడ విస్తరించబోము. మన రాష్ట్రంలో 2020లోనే పణము పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలను నిషేధించినారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టము చేసినది. పందెగానికి తన లెక్క ఎందుకు తప్పినదో ఆలోచించే ఓపిక ఉండదు, పోయిన డబ్బు రాబట్టుకోవాలనే ఆరాటము తప్ప. మేము మెచ్చుకొనే ఊహ కాగితం మీద వ్రాసి, తేదీ వేసి, ఫలితం వచ్చిన తరువాత తీసి చదువుకొనేది.

అటువంటి కాగితమొకటి మా కళాశాలలోనే ఉన్నది. అసలు విషయానికి ఇప్పుడు వస్తున్నాము.

విశ్వవిద్యాలయ అంతర కళాశాలల పోటీలకు మేము ఏటా ఒక కాలిబంతి జట్టును పంపుతున్నాము. పదునారుగురు. ఎంపిక సంఘంలో వ్యాయామోపాధ్యాయులతో పాటు అధ్యాపకులు ఇద్దరు ఉంటారు. గత మూడేండ్లుగా వారిలో మేమొకరము. ఎంపిక జరుగుటకు వారం ముందు బి.ఏ. విద్యార్థి ఒకడు నోటీసు బోర్డు ప్రక్క గోడకు ఒక చీటీ అంటించేవాడు. ఒక ప్రక్క ఉర్దూలో, ఒక ప్రక్క తెలుగులో, పదునారు పేర్లు. మొదటి సంవత్సరం పదమూడు సరిపోయినవి. రెండవ యేట పదునైదు. మూడవ యేట పదునారుకు పదునారు! స్టాఫ్ రూములో అందరము నవ్వుకొన్నాము. అతనిని పిలిపించి, టీ ఇప్పించి, "ఏమోయి, ఆటగాళ్ళను ఇంత బాగా చదువుతావే, పుస్తకాలను కూడ చదవరాదా?" అని మేము హాస్యమాడినాము.

అతడు నవ్వలేదు. "సార్, మేము ఆటగాళ్ళను చూసి రాయలేదు. మిమ్మల్ని చూసి రాసినాము" అన్నాడు.

మాకు టీ చేదైనది. అతడు మర్యాద తప్పి మాట్లాడలేదు; గణితపు లెక్క చెప్పినట్లు చెప్పుకొని పోయినాడు. నిరుడు ఆడి యీ యేడు కూడ కళాశాలలో ఉన్నవాడు తప్పక ఉంటాడు. హాస్టలువాడు ఉంటాడు. నంద్యాల పట్టణంలో ఇల్లున్నవాడు ఉంటాడు, ఎందుకంటే ఎంపిక ఆటలు మూడు దినాలు ఉదయం ఆరున్నరకు మొదలవుతాయి. ఎంపిక సంఘంలోని అధ్యాపకుడు తరగతిలో పేరు పెట్టి పిలిచేవాడు ఉంటాడు. ఈ నాలుగు చాళ్ళలో విత్తనం వేస్తే పదునారు మొలకలు వస్తాయి. "ఆళ్ళగడ్డ నుంచి వచ్చేవాళ్ళు యాభై మందికి పైగా ఉన్నారు సార్. మూడేండ్లలో ఒక్కడైనా ఉన్నాడా చూడండి."

ఆ రాత్రి పాత జాబితాలు తీసి చూచినాము. ఒక్కడు లేడు.

ఆళ్ళగడ్డకు మనకు సుమారు నలుబది కిలోమీటర్లు. శిరివెళ్ళ మీదుగా గంట ప్రయాణము. మా విద్యార్థులు ఎక్కే బస్సు ఎనిమిది దాటిన తరువాత గాని ఇక్కడికి చేరదు. వారు వచ్చేసరికి మైదానంలో వలలు విప్పి చుట్టడం అయిపోతుంది. మేము ఎవరినీ వద్దనలేదు, నిజమే. నోటీసు అందరికీ పెట్టినాము, అదీ నిజమే. "ఉదయం 6–30 గంటలకు" అని ఆ నోటీసులో స్వహస్తాలతో వ్రాసినవారము కూడ మేమే.

అమెరికా నిపుణుల ఊహలు తప్పిపోవడం చూచి మొదట్లో మేము వారిని చులకన చేసినాము. ఆ చీటీ చదివిన తరువాత మా దృష్టి మారినది. వారి ఊహ తప్పుతున్నదంటే ఎన్నుకొనేవారు ఇంకా వెదకుతున్నారని అర్థము. ఎవరో ఒక శిక్షకుడు ఎక్కడో ఒక చిన్న కళాశాల మైదానానికి పోయి, ఇతరులు చూడనిది చూచి వస్తున్నాడు. మా జోస్యము తప్పడం లేదంటే మేము వెదకడం మానివేసినామని అర్థము. పదునారుకు పదునారు సరిపోవడం ఆ విద్యార్థి తెలివికి ఎంత సాక్ష్యమో, మా సోమరితనానికీ అంతే సాక్ష్యము.

ఎన్నుకోవడమంటే ఏమిటో మన హైదరాబాదుకు తెలియని విద్య కాదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబును గూర్చి మైదాన్ అనే చలనచిత్రం 2024లో వచ్చిన తరువాత మా విద్యార్థులకు కూడ ఆ పేరు తెలిసినది. చిత్రంలో చూచినంతే తెలిసినది. ఆయన బడిపంతులు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్ది, 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిపించినారు. 1950 నుండి 1963లో మరణించేవరకు భారత జట్టు శిక్షకులు. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకము. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానము. బంతిని ఎదుటివాని మీదుగా త్రిప్పుతూ పోవడం నిషేధించి, సహచరునికి అందించి తీరవలసిన పోటీలు ఆయన పెట్టించేవారు. ఎడమకాలు చేతకానివాని చేత ఎడమకాలితోనే ఆడించేవారు. ఆటగాడు రోజూ చూపేది చూచి తృప్తిపడక, అతడు దాచినది బయటికి తీయడానికే యీ ఏర్పాట్లన్నీ. అమ్ముగూడ వంటి సికిందరాబాదు శివారు నుండి వచ్చిన తులసీదాస్ బలరామ్ ఆ చూపునకు చిక్కినవాడే.

1962 జకార్తాలో జరిగినది మరీ విచిత్రము. జర్నైల్ సింగ్ రక్షణ పంక్తికి స్తంభము వంటివాడు. టోర్నమెంటు నడుమ తలకు గాయమై కుట్లు పడినవి. సెమీఫైనలుకు, ఫైనలుకు అతనిని ఎక్కడ నిలపాలి? ఎవరిని అడిగినా, ఆడించరాదని అనేవారు, లేదా పాత చోటనే నిలపమనేవారు. రహీమ్ సాహెబు అతనిని ముందు పంక్తిలో, గోలు కొట్టేచోట నిలిపినారు. జర్నైల్ రెండు ఆటలలోను గోలు కొట్టినాడు. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాపై భారతదేశం 2–1తో గెలిచినది. ఆ జట్టు జాబితాను ముందురోజు ఏ గోడమీద ఎవరు వ్రాసి ఉండగలరు?

ఆ తరువాత హైదరాబాదు మైదానాల నుండి హబీబ్, నయీముద్దీన్, అక్బర్, షబ్బీర్ అలీ వంటివారు కలకత్తాకు పోయి పేరు గడించినారు. క్రమంగా ఆ ధార సన్నగిల్లినది. హైదరాబాదు పేరుతో 2019లో వచ్చిన జట్టు 2022 మార్చిలో దేశ విజేత అయినది గాని, అందులో స్థానికులు వేళ్ళమీద లెక్కపెట్టవలసినంతే. 2025లో ఆ జట్టే ఢిల్లీకి తరలిపోయినది. మనవారిలో శక్తి లేదని కొందరంటారు. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య భారత మహిళల జట్టులో ఆడుతున్నది. ఆమె ఊరిలో ఎవరో ఒకరు చూచినారు కనుక. చూచేవాడు లేని ఊళ్ళు ఎన్ని?

ఒక ఆదివారం మేము ఆళ్ళగడ్డకు పోయినాము. చీటీ వ్రాసిన విద్యార్థి వెంట వచ్చినాడు. సాయంత్రం బడి మైదానంలో ఆట జరుగుతున్నది. గోలువద్ద నిలిచిన యువకుని చూచి ఆశ్చర్యపడినాము. బంతి తన్నకముందే అతడు కదులుతున్నాడు. తన్నేవాని పాదము చూచి కాదు, తుంటి త్రిప్పే తీరు చూచి కదులుతున్నాడు. మా కళాశాల జట్టు ఆ యేట మూడు గోళ్ళు తిని మొదటి ఆటలోనే ఇంటికి వచ్చినదని ఇక్కడ జ్ఞాపకం చేయక తప్పదు. ఆట ముగిసిన తరువాత దగ్గరకు పోయినాము. అతడు నమస్కరించి, "బాగున్నారా సార్?" అన్నాడు. మా తెలుగు తరగతిలో మూడేండ్లు కూర్చున్నవాడే! కడపటి పరీక్షలు వ్రాసి వెళ్ళిపోయినాడు. "ఆడతావని ఎన్నడూ చెప్పలేదేమి?" అని అడిగినాము. "మీరు అడగలేదు కదా సార్" అని అతడు అనలేదు. తలవంచుకొని, "బస్సు కుదరలేదు సార్" అన్నాడు. ఆ మాట అతడు అని ఉంటేనే మాకు తేలికగా ఉండేది.

ఆళ్ళగడ్డ శిల్పులకు పేరుపొందిన ఊరు. దారిలో ఒక పనిశాల వద్ద ఆగినాము. నల్లరాతి ధూళి కమ్ముకొని, దేవతామూర్తులు సగం సగం బయటికి వచ్చి ఉన్నవి. పెద్ద శిల్పి ఒకరు రాతిని ఎట్లు ఎన్నుకొంటారో చూపించినారు. రెండు రాళ్ళు, మా కంటికి రెండూ ఒకటే. సుత్తితో తట్టినారు. ఒకటి గంట వలె మ్రోగినది, రెండవది కుండ వలె పలికినది. రెండవదానిలో లోపల చీలిక ఉన్నదని, సగం పని అయిన తరువాత పగులుతుందని చెప్పినారు. "ఇక్కడికి తెప్పించుకొని తట్టుతారా?" అని అడిగితే ఆయన మమ్ము వింతగా చూచినారు. "రాయి మన ఇంటికి రాదు కదా సామీ. మనమే గనికాడికి పోవాల" అన్నారు. మా వెంట ఉన్న విద్యార్థి మా ముఖము వంక చూడకుండా ప్రక్కకు తిరిగి నిలుచున్నాడు. అది అతని మర్యాద.

కళాశాల కమిటీ పెద్దల ముందు మేము పెట్టిన ప్రతిపాదన చిన్నది. ఎంపిక ఆటలలో ఒక రోజు ఆదివారం సాయంత్రం ఆళ్ళగడ్డలో జరపవలెను. నంద్యాలలో జరిపే రెండు రోజులు కూడ ఉదయం గాక, చివరి పీరియడు తరువాత, తిరుగు బస్సు అందేలాగున జరపవలెను. ఎంపిక సంఘంలో ప్రతివారు తమ జాబితాను విడిగా వ్రాసి, ఒక్కొక్క పేరు ప్రక్కన ఎందుకో ఒక వాక్యం వ్రాసి, కవరులో పెట్టి కార్యాలయంలో దాచవలెను. సంవత్సరాంతాన తీసి చదువుకొందాము. "తరగతిలో ఎరిగినవాడు" అని ఆ వాక్యంలో వ్రాయడానికి ఎవరికైనా చేయి వణకక మానదు. మాకైతే వణకుతుంది.

దీనికి వచ్చిన అభ్యంతరాలు విన్నాము. ఖర్చు అన్నారు. ఇద్దరు అధ్యాపకుల బస్సు చార్జీ, ఒక బంతి, కొంత సున్నపుపొడి. ఇంతకు మించి లేదు. ఆళ్ళగడ్డకు పోతే బనగానపల్లె వారు, ఆత్మకూరు వారు కూడ అడుగుతారన్నారు. అడగనిండు. అడిగేవాడున్నాడంటే ఆడేవాడున్నట్లే. మూడవ అభ్యంతరమే కొంత బరువైనది: పరిచయము లేనివానిని ఒక్క సాయంత్రం చూచి ఎట్లు నమ్మగలము? క్రమశిక్షణ ఎట్లు తెలుస్తుంది? ఇది కాదనదగిన మాట కాదు. బ్రేడీ విషయంలో 31 జట్లవారు అన్నీ చూచి కూడ పొరపడినారు. మేము ఒక పూట చూచి పొరపడమని హామీ ఇవ్వలేము. ఆళ్ళగడ్డ నుండి తెచ్చినవాడు నంద్యాలలో కాలు జారవచ్చును. ఐనను, చూచి పొరపడినవానికి వచ్చే యేడు దిద్దుకొనే దారి ఉన్నది. చూడకయే పొరపడినవానికి తాను పొరపడినట్లే తెలియదు. మాకు మూడేండ్లు తెలియలేదు.

ఆ గోలుకీపరు ఇప్పుడు తండ్రితో పాటు ఉలి పట్టుకొని పనిచేస్తున్నాడు. అతనికి మేము చేయగలిగినది ఏమీ లేదు. అతని తమ్ముడు ఈ యేడు మా కళాశాలలో చేరినాడు. అదే బస్సులో వస్తున్నాడు.

ఈ వ్యాసం అచ్చుకు పోయే ముందు చీటీల విద్యార్థికి చదివి వినిపించినాము. అంతా విని, "నా పేరు వేయలేదు, సంతోషం సార్" అన్నాడు. తరువాత జేబులో నుండి కాగితం ముక్క తీసి, ప్రతిపాదనను గూర్చి కమిటీ ఏమి నిర్ణయిస్తుందో వ్రాసి, తేదీ వేసి, మడిచి మా చేతికిచ్చినాడు. సమావేశము ముగిసేవరకు విప్పవద్దన్నాడు. అది మా మేజా సొరుగులో ఉన్నది.